ఓలీబోలు ఒకటికి రెండు వందల కేలరీలు

శానిటోరియం, ఫేలువె అడవి
15 అక్టోబర్ 1950

ప్రియమైన యేలిస్‌కి,

ఈ ఆదివారం కూడా గేటు వైపే చూస్తూ కూర్చున్నాను. బస్సు దిగినవాళ్ళంతా ఎవరి మనిషి మంచం దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. నీకు రైలు తప్పిందేమో అనుకున్నాను. తిరునాళ్ళ రోజులు కదా, కొట్టు వదిలి రావడం కుదరలేదేమో అని కూడా అనుకున్నాను. నీ తరఫున సాకులన్నీ నేనే చెప్పుకుంటున్నాను, నీకు ఆ శ్రమ లేకుండా.

నిన్న తూకం వేశారు. అర కిలో పెరిగాను. ఇక్కడ మనిషి మర్యాదంతా తూకంలోనే ఉంది. క్షయ రోగి లావెక్కితే సిస్టర్లకి పండగ, చిక్కితే డాక్టరు మాట్లాడకుండా కాగితం తిరగేస్తాడు. రోజుకి మూడు వేల అయిదు వందల కేలరీలు నా కడుపులో పడాలట. ఆ లెక్క చూసేది మిస్ తెర్‌హార్ అని వంటింటి పెద్ద. ఆవిడ మాత్రం ఎండు చేపలా ఉంటుంది, కానీ ఎవరి గిన్నెలో మీగడ మిగిలినా ఊరుకోదు.

ఆవిడని అడిగాను. "మా ఆయనకి ఓలీబోళ్ళ కొట్టుందండి. ఇన్నేళ్ళుగా వేస్తున్నాం, ఒక్కోదాంట్లో ఎంతుంటుందో మాకే తెలీదు" అన్నాను. పిండెంత, పాలెన్ని, కిస్‌మిస్ ఎంత, మూకుడులోంచి తీసేటప్పటికి ఒక్కో పిండి ఉండ నూనె ఎంత పీలుస్తుంది, అన్నీ అడిగి పెన్సిల్‌తో లెక్క కట్టింది.

"రెండు వందలకి తక్కువుండదమ్మా. పైన పంచదార పొడి చల్లితే ఇంకో ఇరవై. యాపిల్ బజ్జీ కూడా అటూ ఇటూగా అంతే."

"అంతేనా?" అన్నాను.

"అంతేనా అంటావేమిటి? ఆ ఆకలి చలికాలం నువ్వెక్కడున్నావు?"

హార్లెమ్‌లోనే ఉన్నానని చెప్పాను. ఆవిడ పెన్సిల్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత పడుకుని నేనే లెక్క వేసుకున్నాను. అప్పుడు, యుద్ధం చివరి చలికాలం, రేషన్ మీద మనిషికి రోజుకి అయిదు వందల కేలరీలనేవాళ్ళు, గుర్తుందా. అంటే రెండున్నర ఓలీబోళ్ళు. మన కొట్టు పలకలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకుని, తులిప్ దుంపలు ఉడకేసుకుని, రాత్రిళ్ళు నువ్వు ఓలీబోళ్ళ పిండి ఎలా కలపాలో పైకి చెబుతుంటే వింటూ నిద్రపోయిన ఆ చలికాలమంతా మనం రోజుకి రెండున్నర మీద బతికామన్నమాట. అదీ ఇద్దరం బతికాం.

వచ్చే ఆదివారం రాకపోతే రాకపో. ఉత్తరం మాత్రం రాయి.

నీ దివేరా


హార్లెమ్
2 నవంబర్ 1950

నా దివేరాకి,

ఆలస్యానికి తిట్టుకో, పడతాను. ఈ నెలంతా కొట్టు దగ్గర ఊపిరాడ్డం లేదు. ఆఫ్యా సాయం పట్టకపోతే ఏమయ్యేదో. ఎయ్‌మౌడెన్‌లో మనకి చేపలమ్మే ఆఫ్యాయే, మొగుడు పడవతో పాటు పోయాడు కదా, ఆవిడ. పిండి గంగాళం ఒంటి చేత్తో ఎత్తుతుంది. నాకు ఈమధ్య భుజాలు సహకరించడం లేదు. వయసేమో.

నీ లెక్క చదివాక ఊరుకోలేకపోయాం. పలక మీద సుద్దతో "ఒక్కోటి రెండు వందల కేలరీలు, పంచదారతో ఇంకో ఇరవై" అని రాసి కొట్టు ముందు వేలాడదీశాం. జనం ఆగి చదవడం మొదలుపెట్టారు. కసాయి ఓపెర్డూస్ భార్య వచ్చింది, తెలుసుగా, తలుపులో పట్టదు. నాలుగు పొట్లం కట్టించుకుని, అప్పుడు పలక చూసింది.

"ఇదెవరి కోసం రాశారు?" అంది.

"అందరి కోసమండి" అంది ఆఫ్యా.

"అందరూ అంటూ నా వంక చూస్తావేం?" అని పొట్లం బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆవిడ వెనకాలే ఒక ముసలావిడ నిలబడి ఉంది. నల్ల శాలువా, ఒంట్లో కండ అనేది లేదు. ఆ పొట్లం వంక చూసి, "రెండు వందలంటే నిజమేనా?" అంది. నిజమేనని చెప్పాం. "నాలుగు కలిపితే ఎనిమిది వందలా?" అంది. అవునన్నాం. "అయితే ఆ పొట్లం నాకివ్వండి. ఆ ఏడు నేను బీటు దుంపల కోసం అల్క్‌మార్ దాకా నడిచాను. ఎనిమిది వందలని రాసున్న తిండి చేతిలో పెట్టుకుని ఇంటికి నడవాలని ఉంది" అంది. తినలేదు. రెండు చేతుల్తో పట్టుకుని నదివైపు వెళ్ళిపోయింది.

మర్నాడు పలక తీసేశాం. ఆఫ్యా పోరు పడలేక. "తినొద్దని చెప్పి అమ్మే కొట్టు ఈ దేశం మొత్తం మీద ఇదొక్కటే" అంటుంది.

నేను బాగానే ఉన్నాను. నీ చేతి వంట లేక బెల్టుకి కొత్త కన్నం పొడిచాను, అంతే. పొట్లం పంపుతాను. తిను. పెరుగు.

నీ యేలిస్


శానిటోరియం, ఫేలువె
9 డిసెంబర్ 1950

ప్రియమైన యేలిస్‌కి,

పొట్లం అందింది. సిస్టర్ వంటింట్లో వేడి చేసి తెచ్చింది. చలిగాలే మందని మమ్మల్ని పడుకోబెట్టే ఈ వరండా అంతా మన కొట్టు వాసన. వరసలో దుప్పట్లలోంచి ఒక్కొక్క తలే లేచింది. అందరికీ తలో ముక్క వచ్చేలా పంచి, నేను రెండు తిన్నాను. మిస్ తెర్‌హార్ వచ్చి నా చార్టు మీద నాలుగు వందలు వేసుకుని పోయింది.

ఇక అసలు సంగతి. దాల్చినచెక్క ఎవరు వేశారు?

నీ పిండిలో దాల్చినచెక్క పడదు. మీ నాన్న వెయ్యలేదు, నువ్వు వెయ్యలేదు. నేనొకసారి వేస్తే ఆ పిండంతా పక్కింటి పందులకి పోశావు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసింది, ఇది నీ చెయ్యి కాదని.

నా పక్క మంచం హేస్కా నీకు తెలుసు, ఖ్రోనింగెన్ రైతు భార్య, నోటికి తాళం లేని మనిషి. పొట్లం మీది దారం చేత్తో తిప్పి చూసి, "ఈ ముడి చేపల వల అల్లే చేతిది. మీ ఆయన వల అల్లుతాడా?" అంది. నవ్వేశాను. తర్వాత నవ్వలేకపోయాను.

యేలిస్, ఆకులు చెట్ల మీద ఉన్నప్పుడు వచ్చావు. ఇప్పుడు మా దుప్పట్ల మీద మంచు పడుతోంది, ఉదయం సిస్టర్లు చీపురుతో దులుపుతున్నారు. ఏడాదిన్నరగా నేనిక్కడ పడుకుని ఉన్నాను. మగవాడివి, ఒంటరిగా ఉన్నావు, ఆఫ్యా మంచి మనిషి, గంగాళం ఒంటి చేత్తో ఎత్తుతుంది. నాకు సంచి ఎత్తాలన్నా డాక్టరు చీటీ కావాలి. ఇవన్నీ నాకు అర్థమవుతాయి. అర్థం కానిదల్లా, ఎవరి చేతి ఓలీబోళ్ళో నాకెందుకు పంపుతున్నావనే. తెలియదనుకున్నావా, లేక తెలియాలనే పంపావా.

ఆమె మన గదిలో ఉంటోందా? అవునో కాదో రాయి. వేరే కబుర్లు వద్దు.

దివేరా


హార్లెమ్
17 డిసెంబర్ 1950

దివేరాకి,

కాదు.

భుజం నొప్పిగా ఉండి పిండి ఆఫ్యా కలిపింది. దాల్చినచెక్క ఆవిడ అలవాటు, చెప్పినా వినదు. మంచాల మీద పడుకున్నవాళ్ళ మాటలు పట్టించుకోకు.

పండగ గిరాకీ మొదలైంది. ఎక్కువ రాయలేను. గొంతులో పిండి దుమ్ము పట్టేసి మాట సరిగా రావడం లేదు. రాత్రిళ్ళు గదిలో ఒకటే ఉక్క, నిద్ర పట్టదు, చొక్కా మార్చుకుని మళ్ళీ పడుకోవాల్సి వస్తోంది. కొత్త సంవత్సరం వెళ్ళాక అన్నీ వివరంగా మాట్లాడుకుందాం.

ఇంకో పొట్లం పంపుతున్నాను. కోపం నా మీద చూపించు, తిండి మీద వద్దు.

యేలిస్


శానిటోరియం, ఫేలువె
28 డిసెంబర్ 1950

యేలిస్,

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

పొట్లం విప్పలేదు. ఉత్తరం పట్టుకుని హేస్కా వైపు తిరిగి, "విను, మా ఆయన ఎంత చక్కగా అబద్ధమాడతాడో" అని గట్టిగా చదివాను. వరసలో అందరూ వింటున్నారు. ఇక్కడ ఇంకేం పనుంది మాకు. కాదు అన్న ఒక్క ముక్కకే హేస్కా పగలబడి నవ్వింది. నేనూ ఆవేశంలో ఉన్నాను. ఉక్క దగ్గరికి వచ్చేసరికి, "చూశావా, హార్లెమ్‌లో డిసెంబర్‌లో ఉక్కట. మా పై గదిలో నీళ్ళ చెంబు గడ్డకట్టేది. ఒంటరిగా పడుకున్నవాడికి చొక్కా తడిసేంత ఉక్క ఎక్కణ్ణుంచి వస్తుందే?" అన్నాను.

హేస్కా నవ్వలేదు.

"ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి నా చెవులతో నేనే విన్నాను. భుజాలు. బెల్టుకి కన్నం. గొంతులో దుమ్ము. రాత్రి చెమట. అవతలి చివర మంచం మీద బడిపంతులమ్మ ఒకావిడ ఉంటుంది, ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మాకెవరికీ అనాల్సిన అవసరం లేదు యేలిస్. మేమందరం ఇక్కడికి వచ్చేముందు అలాగే చొక్కాలు మార్చుకున్నాం, రాత్రి ఉక్కగా ఉందనే చెప్పుకున్నాం.

హేస్కా చెయ్యి చాపి నా దుప్పటి సర్దింది. "ఆ పొట్లం విప్పవే" అంది. విప్పాను. ఒకటి తిన్నాను. గొంతు దిగలేదు, పాలు తాగి దింపాను.

ఇక నా మాట విను. వెంటనే వెళ్ళి ఎక్స్‌రే తీయించుకో. నూనె పొగ ముందు నిలబడకు. ఆఫ్యాని నేనన్న మాటలకి క్షమించమని చెప్పు. ఇంకొకటి, నిన్న పెద్ద డాక్టరు నా ఫొటోలు వెలుతురులో పెట్టి చూసి, జనవరిలో ఇంటికి పంపిస్తానన్నారు. ఈ వార్త నీకు రాసే రోజు ఎలా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. ఇలా ఊహించుకోలేదు.

ఒక్క వాక్యం రాసినా చాలు. కానీ నిజం రాయి.

నీ దివేరా


శానిటోరియం, ఫేలువె
4 జనవరి 1951

నా దివేరాకి,

పైన రాసిన ఊరు చూసి పొరపాటు పడ్డాననుకోకు. మగవాళ్ళ భవనంలో, పడమటి వరండాలో ఉన్నాను. నీ ఉత్తరం హార్లెమ్ వెళ్ళింది, ఆఫ్యా దాన్ని మళ్ళీ ఇదే అడవికి పంపింది. మన రెండు మంచాలకీ మధ్య ఆ పైన్ చెట్ల గుంపు ఒక్కటే. పొద్దున్న మీ వైపు సిస్టర్లు మంచు దులపడం నాకు వినిపిస్తుంది.

సెప్టెంబర్‌లో ఎక్స్‌రే బండి మార్కెట్ చౌక్‌కి వచ్చింది. ఆఫ్యా, నేను వరసలో నిలబడ్డాం. ఆమెకి ఏమీ లేదన్నారు, నన్ను మళ్ళీ రమ్మన్నారు. కుడి ఊపిరితిత్తి మీద నీడ. ఆ రోజు నుంచి నేను కొట్టు దగ్గరికి వెళ్ళలేదు. డాక్టరు వెళ్ళొద్దన్నాడు, నేనూ వెళ్ళేవాణ్ణి కాదు, జనం తినే వస్తువు. శానిటోరియంలో మంచం ఖాళీ అయ్యేదాకా ఇంట్లోనే పడుకోమన్నాడు. మూడు నెలలు మన గదిలో పడుకున్నాను.

అంటే ఆ ముసలావిడని నేను చూడలేదు దివేరా. ఓపెర్డూస్ భార్యనీ చూడలేదు. ఆఫ్యా రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి, మెట్ల మీద సూప్ గిన్నె పెట్టి, గుమ్మం బయటే నిలబడి ఆ రోజు ఏమైందో చెప్పేది. లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. ఒకసారి, "ఇవాళ ఏమీ జరగలేదు యేలిస్, ఉత్త వాన" అంది. "ఏదో ఒకటి చెప్పు, దివేరాకి రాయాలి" అన్నాను. వాన గురించే చాలాసేపు చెప్పింది పాపం. నీకు రాయడానికి నా దగ్గర పైకప్పు తప్ప ఏమీ లేదు.

ఎందుకు దాచానో నీకే బాగా తెలియాలి. ఆ ఆకలి చలికాలం నీ వాటా రొట్టె నా కోటు జేబులో పెట్టి, తిన్నానని నా మొహం మీదే చెప్పినదానివి నువ్వు. నా సంగతి తెలిస్తే నీ గొంతు దిగేదా? నువ్వు ఎక్కిన ప్రతి అర కిలో దిగిపోయేది. నీ ఫొటోలు బాగున్నాయని డాక్టరు నోటితో వినేదాకా ఆగుదామనుకున్నాను. ఈలోగా సంవత్సరం చివరి రోజున ఇక్కడే మంచం ఖాళీ అయింది. నీకు చెప్పొద్దని సిస్టర్లని బతిమాలుకున్నాను. నువ్వు ఇంటికి చేరాక హార్లెమ్‌కే రాద్దామనుకున్నాను. నీ ఉత్తరం ముందే పట్టేసింది.

మిస్ తెర్‌హార్ నా దగ్గరికీ వచ్చింది. ఏం పని చేస్తావంది. ఓలీబోళ్ళ కొట్టన్నాను. కాసేపు నా మొహంలోకి చూసింది.

"ఒక్కోదాంట్లో రెండు వందలు. తెలుసా?" అంది.

"తెలుసండి."

నా గంజిలో మీగడ రెట్టింపు పోయించింది.

కొత్తగా వచ్చినవాళ్ళు కొన్ని వారాలు కదలకూడదట, ఎవరినీ చూడకూడదట. భార్య ఇక్కడే ఉందన్నా నియమం నియమమే అన్నారు. నువ్వు మంగళవారం వెళ్తున్నావని సిస్టర్ చెప్పింది. గేటుకి పోయే దారులు రెండు ఉన్నాయి. ఒకటి మా వరండా ముందు నుంచి పోతుంది.

నీ యేలిస్


హార్లెమ్
14 జనవరి 1951

ప్రియమైన యేలిస్‌కి,

ఇంటికి చేరాను. ఈ ఉత్తరం ఇంతకుముందే రాయాల్సింది. చెయ్యి రాలేదు.

బయల్దేరిన రోజు హేస్కా మంచం దిగకూడదని తెలిసీ గుమ్మం దాకా వచ్చింది. సిస్టర్ నా పెట్టె పట్టుకుని, నేనేమీ అడక్కుండానే మీ వైపు దారి పట్టింది. "నిలబడకూడదు. నడుస్తూ చూడొచ్చు" అంది.

మీ వరండాలో అందరివీ ఒకటే బూడిదరంగు దుప్పట్లు, ఒకటే ఉన్ని టోపీలు. గడ్డాల దాకా కప్పుకుని వరసగా పడుకుని ఉన్నారు. నడుస్తూ వెతికాను. మధ్యలో ఒక మొహం నీదనిపించింది. చెయ్యి ఊపాను. ఆ మనిషి కూడా దుప్పట్లోంచి చెయ్యి తీసి ఊపాడు. నవ్వాను. ఎంత బాగున్నాడు, అనుకున్నంత చిక్కలేదు అనుకున్నాను. అప్పుడు అతను దగ్గాడు. అది నీ దగ్గు కాదు.

నువ్వు అతని పక్క మంచంలో ఉన్నావు. నన్నే చూస్తున్నావు. నేను ఎవరికో చెయ్యి ఊపడం కూడా చూశావు. నేను నీ వైపు తిరిగేసరికి నవ్వడానికి ప్రయత్నించావు, ఆ నవ్వుతో నిన్ను పోల్చుకున్నాను. పన్నెండేళ్ళు ఒక పక్క మీద పడుకున్నదాన్ని, నిన్ను దాటి పోబోయాను. సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుని నడిపించేసింది. బస్సులో ఒకాయన నా పక్క సీటు ఖాళీగా ఉందా అని అడిగాడు, లేదన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆఫ్యా స్టేషన్‌కి వచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పబోతే, "అవన్నీ ఆయన రాశాడు నాకు. నడవండి, చలి" అంది. గది కడిగించి, గోడలకి సున్నం వేయించింది. నీ వాసన ఎక్కడా లేదు. పొయ్యి మీద సూప్ పెట్టి, కిందకి వెళ్ళబోతూ, "పిండి కలపడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. మీరు నేర్పితే దాల్చినచెక్క మానేస్తాను" అంది. నిన్న నేర్పాను. కుర్చీలో కూర్చుని, నువ్వు ఆ చలికాలం చీకట్లో చెప్పేవే, ఆ మాటలే చెప్పాను. ఆమె కలిపింది. బాగానే పొంగాయి.

కొట్టు దగ్గరికి పొద్దుటి పూట మాత్రం వెళ్ళొచ్చన్నారు డాక్టరు. వెళ్తున్నాను. మీ ఆయనేడని అడుగుతున్నారు. చెబుతున్నాను. కొందరు ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. ఓపెర్డూస్ భార్య మాత్రం బల్ల మీదికి వంగి, "మా తమ్ముడు కూడా అక్కడే ఉండేవాడు" అని మెల్లగా చెప్పి, ఆరు తీసుకుని వెళ్ళింది. ఆమె అలా మాట్లాడగలదని నాకు తెలియదు.

నిన్ను చూడ్డానికి ఇంకా అనుమతి రాలేదు. వచ్చిన రోజు మొదటి బస్సులోనే ఉంటాను.

మధ్యాహ్నం పూట ఇంట్లో కూడా పడుకోవాలట. కిటికీ తెరిచి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, అక్కడిలాగే మాట్లాడకుండా పడుకుంటున్నాను. అదే వేళకి మీ వరండాలో గంట కొడతారు, నువ్వూ అలాగే పడుకుంటావు. ఇంటికి వచ్చినవాళ్ళు ఒక గంట పడుకుంటే చాలట, కొత్తగా చేరినవాళ్ళకి రెండు గంటలు. నీ రెండో గంట అయ్యేదాకా నేను లేవడం లేదు.

నీ దివేరా